అమ్మానాన్నలతో పోర్చుగల్: లాగోస్‌లో ఉండాలా, ఫారోలోనా?

రెండేళ్ల క్రితం మే నెలలో మేమిద్దరం పోర్చుగల్‌లో అల్గార్వ్ తీరమంతా తిరిగాం. లాగోస్ దగ్గర పోంటా ద పియెదాద్‌లో పసుపు రాళ్ల మధ్యకి దిగే మెట్లు, సాగ్రెష్‌లో మనిషిని తోసేసే గాలి ఇంకా గుర్తే. ఎండ చూసి నీళ్లలోకి దిగితే అట్లాంటిక్ చలికి పళ్లు టకటకలాడాయి!

ఈసారి అమ్మానాన్నల్ని తీసుకెళ్తున్నాం. అమ్మకి మోకాళ్ల నొప్పులు, పైగా శాకాహారి. పోయినసారి ఆకుకూర సూపే కదా అని కాల్దో వెర్ద్ తెప్పించుకుంటే అందులో సాసేజ్ ముక్క తేలింది. అమ్మ ముందు అలా జరిగితే ఇక అంతే.

కారు తీసుకోం. లిస్బన్ నుంచి రైల్లో నేరుగా ఫారో వెళ్లి అక్కడే ఉంటే మేలా, లేక తూనెష్‌లో రైలు మారి లాగోస్ వెళ్లాలా? సామానుతో ఆ మారడమే టెన్షన్. మెట్లు దిగకుండా ఇసుక దాకా నడవగలిగే బీచ్ ఏది? పెద్దవాళ్లతో వెళ్లొచ్చినవాళ్లు కాస్త చెప్పండి.