పేరు చివర ‘డెన్’ అంటే పందుల మేతా, లోయా? ఎలా తేల్చాలి?

ఇంగ్లండ్‌లో కెంట్ దక్షిణాన ఒక పాత పొలం పేరు గురించి రెండు నెలలుగా వెతుకుతున్నాను, తేలట్లేదు. ఒకప్పుడు ఇక్కడ ఆండ్రెడ్ అనే మహారణ్యం ఉండేది, 120 మైళ్ల పొడవు, 30 మైళ్ల వెడల్పు అని ఆంగ్లో శాక్సన్ క్రానికల్ అనే పాత చరిత్ర గ్రంథం రాసింది. అడవి చాలావరకు పోయింది, పేర్లు మాత్రం మిగిలాయి, నాకు అదే అద్భుతం. ఇక్కడి టెంటర్‌డెన్ అనే ఊరి పేరుకు అర్థం, కెంట్ ఈశాన్య కొసన ఉన్న థానెట్ వాళ్లు పందుల్ని మేపుకున్న చోటు (‘డెన్’) అని. కానీ పాత ఇంగ్లిష్‌లో ‘డెను’ అంటే లోయ, ఇప్పటి స్పెల్లింగ్‌లో రెండూ ఒకేలా కనిపిస్తాయి.

1086 నాటి భూముల లెక్కల పుస్తకం డోమ్స్‌డే బుక్‌లో ఈ పొలం పేరు లేదు, ఇలాంటి మేత భూములు చాలావాటిని దూరాన ఉన్న అసలు మేనర్ (దొరల ఎస్టేట్) లెక్కలోనే కలిపేశారు కదా. చర్చి పన్ను కోసం గీసిన 1840 నాటి టైద్ మ్యాప్‌లోనూ, ప్రభుత్వ సర్వే సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే పాత మ్యాప్‌లోనూ ఇప్పటి స్పెల్లింగే ఉంది. స్వయంగా వెళ్లి చూశాను. చిన్న వాగు ఉంది, లోయ అనుకోవచ్చు. పక్కనే ఈశాన్యానికి పోయే దారి మనిషి లోతున దిగిపోయి, గట్ల మీది చెట్ల వేర్లు బయటికి వేలాడుతున్నాయి, అది పందుల్ని తోలిన దారిలాగే ఉంది.

1500కి ముందు స్పెల్లింగ్ దొరకాలంటే ముందుగా ఏ రికార్డు చూడాలి?