పాత ఎం1 గరాండ్ కొనే ముందు ఏం చూడాలి?

లోన్‌స్టార్_తెలుగు:
హ్యూస్టన్‌లో ఒక షాపులో స్ప్రింగ్‌ఫీల్డ్ ఎం1 గరాండ్, అంటే పాత అమెరికా సైన్యపు రైఫిల్, అమ్మకానికి ఉంది. రిసీవర్ (బోల్ట్, బారెల్ అమరే ఉక్కు చట్రం) నంబరు రెండో ప్రపంచ యుద్ధం నాటిది, బారెల్ మీద మాత్రం ఎస్‌ఏ 4 52 అని ఉంది. గ్యాస్ సిలిండర్ నలుపు పోయి అక్కడక్కడా వెండి రంగు తేలింది. కర్రకు (స్టాక్‌కు) కొత్తగా సాండ్ పేపర్ పట్టినట్టుంది. గోడకు తగిలించుకోవడానికి కాదు, రేంజిలో 200 గజాల దూరం కాల్చడానికి కావాలి. విప్పి చూసుకోనిస్తారు, కాల్చనివ్వరు. శనివారం వెళ్తున్నాను. ఏమేం కొలవాలి? ఏది కనిపిస్తే వదిలేసి రావాలి? నాకు గ్రీన్‌కార్డ్ ఉంది.

చెక్క_స్టాక్:
మీరు చెప్పిన వాటిలో రెండింటి గురించి బెంగ అక్కర్లేదు. యుద్ధం తర్వాత సైన్యం తన ఆయుధాగారాల్లో ఈ రైఫిళ్లను విప్పి బాగుచేసి కొత్త బారెళ్లు వేసింది. పాత రిసీవర్ మీద 1952 బారెల్ అలా వచ్చినదే. కాల్చేవాడికి అది లాభం కూడా. గ్యాస్ సిలిండర్ స్టెయిన్‌లెస్ స్టీల్, దాని మీద నలుపు నిలవదు.

ముందు రిసీవర్ చూడండి, మిగతావన్నీ ఆ తర్వాతే. తుక్కు కింద కోసి పడేసిన రిసీవర్ల ముక్కలు తెచ్చి అతికించి అమ్మినవి చాలా ఉన్నాయి. కర్రలోంచి తీసి, నూనె తుడిచి, టార్చి వేసి చూడండి. మధ్యలో అడ్డంగా రంగు తేడా, బోల్ట్ (తూటా వెనక మూసే ముక్క) జారే గాడుల లోపల ఆకురాయి గీతలు, ముందు సగం వెనక సగం ఉపరితలం వేరువేరుగా ఉండడం గుర్తులు. కుడి వైపు ముందు కాలి మీద డ్రాయింగ్ నంబరు ఉంటుంది. అది వెనక ఉన్న క్రమసంఖ్య కాలానికి సరిపోవాలి. అతుకు అనుమానం వస్తే ధర ఎంత తగ్గించినా వద్దు. మీ మొహానికి కొద్ది అంగుళాల దూరంలో బోల్ట్‌ను పట్టి ఉంచేది ఆ ఉక్కే.

తర్వాత బారెల్. గరాండ్‌ను వెనక నుంచి శుభ్రం చేయడం కుదరదు, కడ్డీ బారెల్ మూతి వైపు నుంచే దూర్చాలి. అందుకే చాలా వాటికి కాల్పుల కన్నా కడ్డీ రాపిడితోనే మూతి అరిగిపోతుంది. మూతికి ఒక గేజ్, తూటా కూర్చునే చాంబర్‌కు ముందున్న గొంతుకు ఒక గేజ్ వాడాలి. సైన్యం పాత రైఫిళ్లను అమ్మే సీఎంపీ (సివిలియన్ మార్క్స్‌మన్‌షిప్ ప్రోగ్రామ్) వాళ్ల సర్వీస్ గ్రేడ్‌కు గేజ్ మీద గొంతు 5 లోపు, మూతి 3 లేదా అంతకన్నా తక్కువ ఉండాలి. మీకూ అదే హద్దు పెట్టుకోండి. గేజ్ దొరక్కపోతే విడి 30 క్యాలిబర్ గుండు ఒకటి జేబులో తీసుకెళ్లి మొన లోపలికి పెట్టి చూడండి. దాదాపు మొత్తం లోపలికి దిగిపోతే మూతి అయిపోయినట్టే. షాపులో అసలు తూటాతో మాత్రం ఈ పరీక్ష చేయకండి.

లోపల గుంటలు ఉన్నాయేమో కూడా చూడాలి. 1950ల తొలినాళ్ల వరకు సైన్యం తూటాల్లో ఎక్కువ భాగానికి తుప్పు పట్టించే ప్రైమర్లే. వేడినీళ్లతో కడగని రైఫిల్‌లో ఆ ఉప్పు చాంబర్‌ను, బారెల్‌ను తినేస్తుంది. చాంబర్‌లో గుంటలుంటే కాల్చిన తూటా ఖాళీ గొట్టం అంటుకుపోయి బయటికి రాదు.

వెయ్యోవంతు:
చెక్క_స్టాక్ గారితో ఒక్క చోట విభేదిస్తాను. అరిగిన బారెల్‌ను మార్చుకోవచ్చు, కొత్తవి తయారవుతున్నాయి. మంచి ఆపరేటింగ్ రాడ్ (గ్యాస్ తోపుతో బోల్ట్‌ను వెనక్కి నడిపే కడ్డీ) దొరకడమే కష్టం, దొరికినా ఖరీదు. రిసీవర్ తర్వాత నా దృష్టి దాని మీదే ఉంటుంది.

గరాండ్‌లో పిస్టన్ విడి ముక్క కాదు, రాడ్ కొసే పిస్టన్. గుండు మూతి దాటబోతుండగా చిన్న రంధ్రంలోంచి గ్యాస్ సిలిండర్‌లోకి వచ్చి దాన్ని వెనక్కి తోస్తుంది. మైక్రోమీటర్‌తో పిస్టన్ వ్యాసం కొలవండి. కొత్తది 0.526 అంగుళాలు. 0.525 కన్నా తగ్గితే గ్యాస్ పక్కల నుంచి జారిపోయి బోల్ట్ పూర్తిగా వెనక్కి రాదు, తూటా ఎక్కదు. పాత యుద్ధకాలపు రాడ్‌లకు పిడి దగ్గర మూల చతురస్రంగా ఉంటుంది. పగుళ్లు అక్కడే మొదలవుతాయి. తర్వాతి వాటిలో ఆ మూలను అర్ధచంద్రంలా చెక్కారు. చెక్కనిది సేకరించేవాళ్లకు ముద్దు, మీకు చెక్కినదే మేలు.

వంపు పరీక్ష ఇలా. కర్ర తీసి, రాడ్ స్ప్రింగూ ఫాలోయరూ తీసేసి, బోల్ట్, రాడ్ మాత్రం ఉంచండి. మూతి పైకెత్తితే బోల్ట్ తన బరువుకే తెరుచుకోవాలి, కిందికి వంచితే తానే మూసుకోవాలి. ఎక్కడైనా ఆగితే రాడ్ మీద మెరిసిన రాపిడి గీత వెతకండి, అడ్డు తగిలేది అక్కడే. ఒక జాగ్రత్త: ఈ రాడ్ ఫ్యాక్టరీ నుంచే వంపులతో వస్తుంది. వంకరగా ఉందని నిటారు చేయబోతే పాడవుతుంది. పిడిని బయటికి లాగుతూ రాడ్‌ను మెల్లగా నడపండి. విప్పడానికి వదిలిన గాటు దగ్గర తప్ప మరెక్కడా గాడి తప్పకూడదు.

స్ప్రింగ్ పొడవు 19 అంగుళాల లోపుంటే మార్చండి, చవకే. గ్యాస్ సిలిండర్‌ను చేత్తో తిప్పి చూడండి. ఊగితే ముందు సైట్ కూడా ఊగుతుంది, గురి చెదురుతుంది. వెనక సైట్‌ను 10 క్లిక్కులు పైకి పెట్టి బొటనవేలితో గట్టిగా కిందికి నొక్కండి. దిగిపోతే కాల్చినప్పుడూ దిగిపోతుంది. కర్ర బిగువు తెలియాలంటే ట్రిగ్గర్ గార్డ్ మూయండి. చివర్లో అరచేత్తో బలంగా నొక్కితేనే పడాలి. తేలిగ్గా పడితే కర్ర అణిగిపోయింది, 200 గజాల్లో గుండ్లు దగ్గరదగ్గరగా పడకుండా చెదిరిపోతాయి.

లోన్‌స్టార్_తెలుగు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. హెడ్‌స్పేస్ (మూసిన బోల్ట్ ముందు తూటాకు ఉండే చోటు) గేజ్ నేనే తీసుకెళ్లాలా? తూటాలు మామూలు థర్టీ ఆట్ సిక్స్ వేట తూటాలు వాడొచ్చా?

వెయ్యోవంతు:
ఫీల్డ్ గేజ్ ఒక్కటి చాలు, 1.950 అంగుళాలది. విడిభాగాలు తీసేసిన బోల్ట్ దాని మీద మూసుకోకూడదు. వేలితో మెల్లగా మాత్రమే నొక్కండి.

గుండు బరువు 180 గ్రెయిన్లు దాటిన వేట తూటాలు వద్దు. అవి నెమ్మదిగా కాలే మందుతో వస్తాయి. ఈ రైఫిల్‌లో గ్యాస్ రంధ్రం మూతి దగ్గర ఉంది కాబట్టి ఆ మందు అక్కడికి చేరేసరికి కూడా పీడనం ఎక్కువగానే ఉంటుంది, ఆ దెబ్బ రాడ్‌ను వంచుతుంది. ఎం2 బాల్ లాంటి 150 గ్రెయిన్ల తూటా, గరాండ్ కోసమని రాసినది కొనండి. వేట తూటాలు తప్పనిసరైతే అదనపు గ్యాస్‌ను బయటికి వదిలే సర్దుబాటు గ్యాస్ ప్లగ్ బిగించుకోవాలి.

చెక్క_స్టాక్:
కాగితాల సంగతి. గ్రీన్‌కార్డ్ ఉన్నవాళ్లు లైసెన్సున్న డీలర్ దగ్గర ఫారం 4473 (తుపాకి కొనేవాళ్లు నింపే ఫెడరల్ పత్రం) నింపి కొనొచ్చు. కార్డు, టెక్సాస్ చిరునామా ఉన్న గుర్తింపు తీసుకెళ్లండి. సీఎంపీ మాత్రం అమెరికా పౌరులకే అమ్ముతుంది, పౌరసత్వం వచ్చేదాకా ఆ దారి లేదు. హెచ్1బీ మీద ఉన్న మిత్రులు ఇది చదువుతుంటే, చెల్లుబాటయ్యే వేట లైసెన్స్ వంటి మినహాయింపు లేకుండా తుపాకి ముట్టుకోవడం కూడా ఫెడరల్ నేరం, గుర్తుంచుకోండి.

శనివారం డమ్మీ తూటాలు 8, వాటిని పట్టి ఉంచే క్లిప్ ఒకటి వెంట పెట్టుకోండి. చేత్తో ఒక్కొక్కటీ ఆడిస్తే ఎనిమిదో దానితోపాటు క్లిప్ ఎగిరి బయటపడాలి, బోల్ట్ వెనకే ఆగాలి. ముందే ఎగిరినా, అసలు ఎగరకపోయినా బుల్లెట్ గైడ్, ఫాలోయర్ ఆర్మ్, ఆపరేటింగ్ రాడ్ క్యాచ్‌లలో ఏదో అరిగింది. క్లిప్ దించేటప్పుడు కుడి అరచేతి అంచుతో రాడ్ పిడిని ఆపి ఉంచండి, లేకపోతే బొటనవేలు బోల్ట్ కింద పడుతుంది.

కొన్నాక బోల్ట్ గాడుల్లో, రాడ్ గూనిలో గ్రీజు పెట్టండి, నూనె చాలదు. గ్యాస్ సిలిండర్ లోపల మాత్రం పొడిగా ఉంచాలి, అక్కడ నూనె కాలి బొగ్గు పేరుకుంటుంది.