బ్రిడ్జ్ పికప్ మార్చాలి: 16 కిలోఓమ్‌లదా, 8 కిలోఓమ్‌లదా?

సన్నతీగ
నా ఎలక్ట్రిక్ గిటార్‌లో రెండు హంబకర్లు (తీగల కదలికను కరెంటు సంకేతంగా మార్చే రెండు కాయిళ్ల పికప్‌లు) ఉన్నాయి, రెండూ దానితో వచ్చినవే. నెక్ పికప్‌తో నాకు ఏ పేచీ లేదు. బ్రిడ్జ్ వైపు, అంటే తీగలు బిగించిన కొస దగ్గరున్న పికప్ మాత్రం ఆంప్‌లో గెయిన్ (శబ్దాన్ని చిట్లించే నాబ్) కాస్త పెంచేసరికి ముద్దగా మోగుతోంది. ఆరో తీగ మీద పామ్ మ్యూట్ చేస్తూ (అరచేతి అంచు తీగకు ఆనించి) వేగంగా వాయిస్తే దెబ్బకూ దెబ్బకూ మధ్య ఖాళీ వినబడటం లేదు, అంతా ఒకటే గురగుర. మార్చాలని నిశ్చయించుకున్నాను. రెండింటి దగ్గర ఆగిపోయాను. ఒకటి సిరామిక్ మాగ్నెట్‌తో 16 కిలోఓమ్‌ల హంబకర్. రెండోది ఆల్నికో 5 మాగ్నెట్‌తో 8 కిలోఓమ్‌లకు కాస్త అటూ ఇటూ ఉండే, గిబ్సన్ పాత పీఏఎఫ్ హంబకర్ తరహాది. వాయించేది ఎక్కువగా హార్డ్ రాక్, అప్పుడప్పుడు బ్లూస్. ఏది తీసుకోమంటారు?

ఎర్రగిటార్
16. ఇందులో ఆలోచించడానికి ఏముంది?

టంకం
నేనైతే 8 అంటాను. ఎక్కువ అవుట్‌పుట్ ఉన్న పికప్‌లు పుట్టిన కాలం వేరు. 1970లలో డిమార్జియో సూపర్ డిస్టార్షన్ లాంటివి వచ్చినప్పుడు ఆంప్‌లలో ఇంత గెయిన్ లేదు. మొదటి ట్యూబును బలంగా తోస్తే తప్ప ఆంప్ అరిచేది కాదు, ఆ తోపు పికప్ నుంచి రావలసి వచ్చేది. ఇప్పుడు గెయిన్ నాబ్ సగం తిప్పకముందే కావలసినంత డిస్టార్షన్ ఉంది. దాని మీద ఇంకా బలమైన పికప్ పెడితే ముద్దతనం పెరుగుతుందే కానీ తగ్గదు. నా బల్ల మీదికి వచ్చే గిటార్లలో ‘గెయిన్ చాలడం లేదు’ అన్న ఫిర్యాదు ఈమధ్య విన్న గుర్తే లేదు. ‘స్వరాలు విడివిడిగా వినబడటం లేదు’ అన్నదే అందరి గోల.

కొలిచిచూడు
ప్రశ్నలోనే పొరపాటు ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోకుండా 16 అనీ 8 అనీ ఓట్లు వేస్తున్నారు. ఆ కిలోఓమ్‌ల అంకె డీసీ రెసిస్టెన్స్, అంటే కాయిల్ తీగ కరెంటును ఎంత అడ్డుకుంటుందన్న కొలత. అది అవుట్‌పుట్ కాదు. హంబకర్లను ఎక్కువగా 42 గేజ్ రాగి తీగతో చుడతారు. అన్నే చుట్లు 43 లేదా 44 గేజ్‌తో చుడితే, తీగ సన్నబడింది కాబట్టి రెసిస్టెన్స్ పెరుగుతుంది. చుట్లు పెరగలేదు, మాగ్నెట్ మారలేదు, అంకె మాత్రం పెద్దదైంది. గది వేడెక్కినా రెసిస్టెన్స్ పెరుగుతుంది. ఎండాకాలంలో మీ పికప్ బలపడుతుందా?

చూడవలసింది ఇండక్టెన్స్, అంటే మారే కరెంటును కాయిల్ ఎంత ఎదిరిస్తుందన్నది. పీఏఎఫ్ తరహా హంబకర్‌కు సుమారు 4.4 హెన్రీలు, బాగా చుట్టినదానికి 8 దాకా ఉంటుంది. దీనికి కేబుల్ కెపాసిటెన్స్ తోడవుతుంది, అది మీటరుకు సుమారు 100 పికోఫారాడ్‌లు. అయిదు మీటర్ల కేబుల్, పికప్‌ది ఇంకో వంద, మొత్తం 600 అనుకోండి. 4.4 హెన్రీల పికప్ రెసొనెన్స్, అంటే అది అన్నిటికన్నా గట్టిగా పలికే చోటు, 3,100 హెర్ట్జ్ దగ్గర పడుతుంది. 8 హెన్రీలది 2,300 దగ్గరే ఆగిపోతుంది. మీరు ‘ముద్ద’, ‘స్పష్టత’ అంటున్న మాటల్లో చాలా భాగం ఈ తేడాలోనే ఉంది. వాల్యూమ్ పాట్ (వాల్యూమ్ నాబ్ కింద ఉండే రెసిస్టర్) విలువ 500 కిలోఓమ్‌లా, 250యా చూశారా? హంబకర్‌కు 250 పెడితే ట్రెబుల్ అక్కడే నలిగిపోతుంది. పికప్ ఎత్తు కొలిచారా? ఇవేవీ చూడకుండా కొత్తది కొంటానంటే నేను చేయగలిగింది లేదు.

పక్కవాద్యం
చెక్క గురించి ఎవరూ మాట్లాడరేమి?

నిర్వాహకుడు
గిటార్ చెక్కను బట్టి శబ్దం మారుతుందా అన్న వాదన ఇక్కడ వద్దు. దయచేసి.

టంకం
కొలిచిచూడు గారూ, రెసిస్టెన్స్ అంటే అవుట్‌పుట్ కాదన్న సంగతి మల్టీమీటర్ పట్టిన ప్రతివాడికీ తెలుసు. కానీ తయారీదారులు పెట్టె మీద ఇండక్టెన్స్ వేయరు, రెసిస్టెన్స్ వేస్తారు. ఒకే తరహా పికప్‌లను పక్కపక్కన పెట్టినప్పుడు ఆ అంకె ఎంతో కొంత చెబుతుంది. 16 దగ్గర ఉన్న సిరామిక్ హంబకర్ పీఏఎఫ్‌లా మోగదని చెప్పడానికి హెన్రీలు అక్కర్లేదు.

కొలిచిచూడు
‘ఎంతో కొంత’ అంటే ఎంత? అసలు పీఏఎఫ్‌లనే తీసుకోండి. గిబ్సన్‌లో వాటిని రూపొందించిన సేత్ లవర్ 1955లో పేటెంట్‌కు దరఖాస్తు చేశారు, వచ్చింది 1959లో. ‘పేటెంట్ అప్లైడ్ ఫర్’ (పేటెంటుకు దరఖాస్తు చేశాం) అని అతికించిన చీటీ వల్లే వాటికి ఆ పేరు. అవి 7 నుంచి 9 కిలోఓమ్‌ల దాకా దొరుకుతాయి. ఒకే కంపెనీ, ఒకే నమూనా. అందులో మీరు చెప్పే ‘8 తరహా’ ఏది?

టంకం
7కూ 9కీ తేడా ఉందని మీరే చెబుతున్నారు. 16 ఇంకెంత దూరంలో ఉందో అదీ మీరే చెప్పండి.

కొలిచిచూడు
తీగ గేజ్ చెప్పండి, అప్పుడు చెబుతాను.

ఎర్రగిటార్
మీ ఇద్దరూ తీగ మందం తేల్చుకునేలోపు నా సంగతి వినండి. మా బృందంలో ఇద్దరం గిటారిస్టులం. నాది పాత తరహా హంబకర్, అతనిది యాక్టివ్ పికప్, తొమ్మిది వోల్టుల బ్యాటరీతో నడిచేది. నా సోలో మొదలైనా వేదిక ముందున్నవాళ్లకు వినబడేది అతని రిథమే. నా చేతులు కదలడం కనబడుతోంది, శబ్దం మాత్రం అతనిది. కార్యక్రమం అయ్యాక ఒకాయన వచ్చి ‘మీరు ఈరోజు వాయించలేదా’ అని అడిగాడు. ఆ తర్వాత సిరామిక్ వేయించాను. ఇప్పుడు అందరికీ వినబడుతున్నాను. నాకు ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

కొలిచిచూడు
సోలో వచ్చినప్పుడు ఆంప్ వాల్యూమ్ పెంచి ఉంటే సరిపోయేది.

ఎర్రగిటార్
పెంచానండి. గెయిన్ ఉన్న ఆంప్‌లో వాల్యూమ్ పెంచడం వేరు, మిడ్ (మధ్యస్థాయి స్వరాలు) ముందుకు రావడం వేరు. మీరు ఎప్పుడైనా డ్రమ్స్ పక్కన నిలబడి వాయించారా?

మూడోఫ్రెట్
ఏది కొన్నా పికప్ నుంచి వచ్చే రంగుల వైర్లు జాగ్రత్త. కలర్ కోడ్ కంపెనీ కంపెనీకీ మారుతుంది. రెండు పికప్‌లూ కలిపి వాయించినప్పుడు శబ్దం సన్నగా, బోలుగా వస్తే ఒకదాని ఫేజ్ తిరగబడినట్టే, అంటే రెండు సంకేతాలూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటున్నట్టే. నాకు వచ్చిందదే.

కొలిచిచూడు
రుజువు అన్నారు కాబట్టి అడుగుతున్నాను. పికప్ మార్చిన రోజున తీగలు కూడా కొత్తవి వేశారా లేదా? పికప్ తీయాలంటే తీగలు విప్పాలి, పాతవి మళ్లీ ఎక్కించేవాళ్లను నేను చూడలేదు. కొత్త తీగల మెరుపును కొత్త పికప్ ఖాతాలో రాసేసుకుంటారు. పైగా కొత్తది బలమైనదైతే అదే నాబ్ దగ్గర ఎక్కువ మోగుతుంది, ఎక్కువ మోగేది చెవికి బాగున్నట్టే అనిపిస్తుంది. రెండింటినీ ఒకే స్థాయికి తెచ్చి విన్నవాళ్లు ఇక్కడ ఎందరు?

నా అనుభవమూ చెబుతాను. చేత్తో చుట్టే ఒకాయన దగ్గర ప్రత్యేకంగా చెప్పి ఒక హంబకర్ చేయించుకున్నాను. గెయిన్ పెంచగానే కీచుమని కూత. తీగలన్నీ అరచేత్తో మూసినా ఆగదు. పికప్ పైమూత మీద వేలితో తడితే ఆ టకటక స్పీకర్‌లో వినబడుతోంది. విప్పి చూస్తే లోపల మైనం పోయలేదు, చుట్లు వదులుగా కదులుతున్నాయి. వాపసు తీసుకోమంటే ‘అసలు పీఏఎఫ్‌లకూ మైనం లేదు, ఆ ప్రాణమే వేరు’ అన్నాడు. అప్పటి నుంచి పికప్‌ల గురించి ఎవరు ‘ప్రాణం’ అన్నా నేను లేచి వెళ్లిపోతాను. ఈ వ్యాపారమంతా కథలు అమ్ముకోవడమే.

మైనంబొట్టు
చుట్టినాయన అన్నది చరిత్ర ప్రకారం నిజమే. అసలువాటికి మైనం పోయలేదు.

కొలిచిచూడు
అప్పట్లో ఇంత గెయిన్ పెట్టి వాయించలేదు కూడా.

టంకం
ఒక మనిషి సరిగ్గా చుట్టకపోతే వ్యాపారమంతా కథలేనా? ఆయన పికప్‌ను కరిగించిన మైనంలో ముంచితే కూత పోయేది. చిన్న పని. అది మానేసి వచ్చిన ప్రతివాడికీ ‘ఏదీ మార్చకండి’ అని పాఠం చెబుతున్నారు. ఎవరు పికప్ గురించి అడిగినా మీ జవాబు ఒక్కటే: ఎత్తు, పాట్, కేబుల్. అడిగినాయనకు ఏం కావాలో వినరు.

కొలిచిచూడు
ఏదైనా మారిస్తేనే మీకు పని దొరుకుతుంది. మార్చొద్దని మీరు ఎలా చెబుతారు?

నిర్వాహకుడు
వ్యక్తిగత విమర్శలు వద్దు. ఇద్దరికీ చెబుతున్నాను.

టంకం
నిర్వాహకుడు గారూ, దీనికి ఒక్క జవాబు ఇచ్చి ఊరుకుంటాను. ‘పికప్ మార్చండి’ అంటూ వచ్చినవాళ్లలో ఎంతోమందిని రెండు స్క్రూలు తిప్పి పంపించాను. ఆరో తీగ వైపు పికప్ కిందికి దించడం, ఒకటో తీగ వైపు కాస్త పైకి లేపడం. దానికి నేనేమీ తీసుకోను. సింగిల్ కాయిల్ గిటార్లయితే మరీ ఘోరం. మాగ్నెట్లు తీగకు ఆనేంత ఎత్తు పెట్టుకుని, పై ఫ్రెట్ల దగ్గర స్వరం వంకర పోతోందని ఏడుస్తారు. మాగ్నెట్ తీగను లాగుతుంటే స్వరం నిలుస్తుందా? దించితే చాలు. కాబట్టి నా పని మీద మాట అనకండి.

ఇప్పుడు నేను అడుగుతాను. మీరు దేనిలో వింటారు? ఆంప్‌లోనా, హెడ్‌ఫోన్‌లోనా?

కొలిచిచూడు
కంప్యూటర్‌లో, ఆంప్ సిమ్యులేషన్ ద్వారా, హెడ్‌ఫోన్‌లో. అయితే?

టంకం
అదీ సంగతి. ఒంటరిగా, హెడ్‌ఫోన్‌లో, ఒక్క గిటార్. అక్కడ 2,300 హెర్ట్జ్ అయినా, 3,100 అయినా ఈక్వలైజర్‌లో ఒక గీత జరిపి సరిచేసుకోవచ్చు, కాబట్టి మీకు పికప్ అంటే లెక్కలేదు. నా దగ్గరికి వచ్చేవాళ్లు బాస్ గిటార్, డ్రమ్స్, ఇంకో గిటార్ మధ్య నిలబడి వాయిస్తారు. అక్కడ పక్కవాళ్ల శబ్దంలో మునగనిదే మంచి పికప్. ఒంటరిగా వింటే అది సన్నగా, కాస్త కరుకుగా కూడా ఉంటుంది. పొద్దున్నుంచీ మనం పికప్ గురించి కాదు, రెండు వేర్వేరు గదుల గురించి వాదించుకుంటున్నాం.

ఎర్రగిటార్
ఇదే కదా నేను మొదట చెప్పింది! బృందంలో వినబడాలంటే 16.

టంకం
మీరు చెప్పింది అది కాదండి. మీకు మిడ్ కావాలి, అది మీ సిరామిక్‌లో దొరికింది. బాస్ తక్కువున్న 8 కిలోఓమ్‌లదానిలోనూ దొరికేది.

కొలిచిచూడు
గది వేరనడం బాగానే ఉంది, నేను కాదనను. మరి అడిగినాయన ఏ గదిలో వాయిస్తారు? ఇంతసేపూ ఎవరైనా అడిగారా? ఆయన బృందం తరఫున మీరూ, హెడ్‌ఫోన్ తరఫున నేనూ తీర్పులు చెబుతున్నాం. ఆయన మొదటి మాట రాసి పత్తా లేరు.

సన్నతీగ
ఇక్కడే ఉన్నాను, చదువుతూనే ఉన్నాను. మధ్యలో దూరడానికి సందు దొరకలేదు.

ఇంట్లో చిన్న ఆంప్ మీద వాయిస్తే అసలు ఇబ్బంది లేదు. నిండుగా, బాగుందనే అనిపిస్తుంది. ముద్ద అనిపించింది బృందంతో సాధనలో, బాస్ గిటార్ తోడైనప్పుడు. ఇంట్లో పెట్టుకున్న సెట్టింగులనే అక్కడా వాడాను. ఈ సంగతి ముందే రాయవలసిందేమో.

మీరందరూ ఎత్తు ఎత్తు అంటున్నారని కొలిచాను. ఆరో తీగను చివరి ఫ్రెట్ దగ్గర నొక్కి చూస్తే పికప్ స్క్రూకూ తీగకూ మధ్య మిల్లీమీటరు కూడా లేదు. ఒకటో తీగ వైపు రెండు మిల్లీమీటర్లు దాటి ఉంది. పికప్ ఒక పక్కకు ఒరిగి కూర్చుంది. వాల్యూమ్ పాట్ 500. ఆరో తీగ వైపు రెండున్నర దాకా దించాను. పామ్ మ్యూట్ విడివిడిగా వినబడుతోంది, కానీ మొత్తం మీద జోరు తగ్గింది.

కొలిచిచూడు
బ్రిడ్జ్ హంబకర్‌కు గిబ్సన్ చెప్పే కొలత సుమారు 1.6 మిల్లీమీటర్లు. మీరు దాన్ని దాటి దించారు, జోరు తగ్గక ఏమవుతుంది? రెండు దగ్గర ఆపి చూడండి. తగ్గిన జోరును గెయిన్‌తో పూడ్చుకోండి. ఆంప్‌కు ముందు ఒక ఈక్వలైజర్ పెడల్ పెట్టి 100 హెర్ట్జ్ కింద కోయండి. గెయిన్‌లోకి వెళ్లే ముందే బాస్ తగ్గితే డిస్టార్షన్ బిగుస్తుంది. ఆంప్ మీది బాస్ నాబ్ చాలా ఆంప్‌లలో గెయిన్ తర్వాత ఉంటుంది, దాన్ని తిప్పినా ముద్ద అలాగే ఉంటుంది.

టంకం
ఆ పెడల్ చేసే పనే బాస్ తక్కువున్న పికప్ చేస్తుంది, పెడల్ లేకుండా. నేను మొదటి నుంచీ చెబుతున్నది అదే.

కొలిచిచూడు
పెడల్‌ను కాలితో ఆపేయవచ్చు. ఇంట్లో వాయించేటప్పుడు ఆయనకు ఆ నిండుదనం కావాలి. టంకం పెట్టేసిన పికప్‌ను ఎలా ఆపుతారు?

టంకం
నాలుగు వైర్లు బయటికి వచ్చే పికప్ పెట్టి, రెండు కాయిళ్లలో ఒకదాన్ని ఆపేసే స్విచ్ వేస్తే సరి.

కొలిచిచూడు
ఒక కాయిల్ ఆపేస్తే హమ్ (కరెంటు గుయ్యిమనే రొద) మొదలవుతుంది. హంబకర్‌ను కనిపెట్టిందే ఆ హమ్ పోగొట్టడానికి.

పక్కవాద్యం
చెక్క గురించి మాట్లాడి ఉంటే ఈపాటికి తేలిపోయేది.

సన్నతీగ
ఈసారి సాధనకు పికప్‌ను రెండు మిల్లీమీటర్ల దగ్గర పెట్టి, ఆంప్ బాస్ తగ్గించి వెళతాను. ఈక్వలైజర్ పెడల్ ఒక స్నేహితుడి దగ్గర ఉంది, అడుగుతాను. అయినా ఆ 8 కిలోఓమ్‌లది మనసులోంచి పోవడం లేదు.

మూడోఫ్రెట్
కొనేముందు బ్రిడ్జ్ దగ్గర ఒకటో తీగకూ ఆరో తీగకూ మధ్య దూరం కొలవండి. 50 మిల్లీమీటర్లకు చేసిన పికప్ 53 ఉన్న గిటార్‌లో పెడితే అంచు తీగలు స్క్రూల మీద నుంచి తప్పుకుంటాయి. ఇంత వాదనలో ఎవరూ చెప్పలేదు.

కొలిచిచూడు
కొంటే ఇండక్టెన్స్ ఎంతో తయారీదారుకు రాసి అడగండి. రెసిస్టెన్స్ పంపిస్తే తిప్పి పంపండి.

ఎర్రగిటార్
16.