బరంపురం ఉగాది బ్యానర్ మీద ఏ గుర్తు ఉండాలి? పూర్ణకుంభమా, కోణార్క్ గుర్రమా?

బరంపురం మాస్టారు:
ఇక్కడ ఒడిశాలో ఉగాది వేడుకకి మా తెలుగు సంఘం తరఫున బ్యానర్ వేయించాం. ఫ్లెక్స్ షాపు అబ్బాయి నెట్‌లో దొరికిన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ చిహ్నాన్నే పైన పెట్టేశాడు. 2018లో మార్చినది. ధర్మచక్రం, మధ్యలో పూర్ణఘటం (పూర్ణకుంభమే), అడుగున సింహాల ముద్ర. హడావుడిలో మేమూ చూసుకోలేదు. కట్టిన సాయంత్రమే పక్కింటి ఒడియా పెద్దాయన నన్ను ఆపి, "ఆంధ్రా ప్రభుత్వం వాళ్లు ఇక్కడేమైనా ఆఫీసు తెరుస్తున్నారా మాస్టారూ?" అని అడిగారు. ఆయన మంచిగానే అడిగారు. నాకే ప్రాణం చివుక్కుమంది. మా తాతగారి కాలం నుంచీ ఈ ఊళ్లో ఉన్నాం. ఓటూ ఇక్కడే, రేషను కార్డూ ఇక్కడే. మన పండగ బ్యానర్ మనల్నే బయటివాళ్లలా చూపిస్తోంది.

బ్యానర్ విప్పించేశాను. ఇప్పుడు సంఘంలో రెండు జట్లయ్యాయి. ఒడిశాలో ఉన్నాం కాబట్టి ఈ రాష్ట్ర చిహ్నంలోని కోణార్క్ గుర్రం, యోధుడు పెడదామని కొందరు. పూర్ణకుంభం కదపడానికి వీల్లేదని కుర్రాళ్లు. మీరేమంటారు?

రాయగడ కుర్రాడు:
కదపడానికి వీల్లేదు మాస్టారూ. పూర్ణకుంభం ఏ ప్రభుత్వం సొత్తూ కాదు. అమరావతి స్తూపం చెక్కిన శిల్పులు దాదాపు రెండు వేల ఏళ్ల కిందటే దాన్ని రాతిలో నిలిపారు. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి పట్నం ఇటు వచ్చింది, ఆ జమీందారీ ఊళ్లు చాలా మద్రాసు వైపే ఉండిపోయాయి. హద్దు మారిందని ఇంట్లో కలశం మార్చుకుంటామా? ఎవరో అడిగారని గుర్రం పెడితే భయపడి పెట్టినట్టుంటుంది. నాకైతే అది మింగుడు పడదు.

పర్లాకిమిడి అమ్మాయి:
తమ్ముడూ, కలశం గురించి నువ్వన్నది నిజమే. గుర్రాన్ని మాత్రం పరాయిదాన్ని చేయకు. కోణార్క్ గుడి కట్టించింది 13వ శతాబ్దపు తూర్పు గంగరాజు నరసింహదేవుడు. ఆ వంశం కటకానికి (కటక్‌కి) వెళ్లకముందు రాజధాని కళింగనగరం. అదే మన శ్రీకాకుళం జిల్లా ముఖలింగం అని చరిత్రకారులు చెబుతారు. మా ఊరి నుంచి పొద్దున వెళ్లి దర్శనం చేసుకుని మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చేయొచ్చు. అక్కడి గుడి రాళ్ల మీద గంగరాజుల కాలపు తెలుగు శాసనాలు ఉన్నాయి. పూరీ జగన్నాథుడి పెద్ద గుడి మొదలుపెట్టిన చోడగంగదేవుడూ ఆ వంశంవాడే. సింహాచలం గుడిలోనూ నరసింహదేవుడి కాలపు పని ఉంది. ఆ గుర్రానికి, మనకి చుట్టరికం ఉంది.

ఇంకో మాట. గంగరాజుల శాసనాల రాగి రేకులని గుచ్చిన కడియానికి ఒక ముద్ర ఉంటుంది. దాని మీద కూర్చున్న నంది, పైన చంద్రవంక. వేంగి చాళుక్యుల ముద్ర మీద వరాహం ఉండేది. శాసనం చదవడం రానివాడు కూడా ముద్ర చూసి ఇది ఫలానా రాజు మాట అని తెలుసుకునేవాడు. గుర్తు చేసే పని అదే, ఎవరు మాట్లాడుతున్నారో చెప్పడం. మన బ్యానర్ మీద మాట్లాడుతున్నది ఎవరు? విజయవాడా కాదు, భువనేశ్వరమూ కాదు. అందుకే నా ఓటు ఆ రెండు చిహ్నాలకీ లేదు.

గుణుపూర్ లాయరు:
చట్టం సంగతి కూడా చూడండి. సింహాల ముద్ర జాతీయ చిహ్నం. 2005 చట్టం ప్రకారం, ప్రభుత్వానికి సంబంధించినదనే అభిప్రాయం కలిగేలా ఎవరూ దాన్ని వాడకూడదు. రెండేళ్ల దాకా జైలు, ఐదు వేల దాకా జరిమానా. పండగ బ్యానర్ మీద కేసు పెడతారని నేననను కానీ, మాస్టారి పక్కింటాయనకి కలిగింది సరిగ్గా ఆ అభిప్రాయమే. బ్యానర్ విప్పించి మంచి పని చేశారు.

హైదరాబాద్‌లో బరంపురం వాడు:
నేనుండే చోట జరిగింది చెబుతాను. 2014లో తెలంగాణ చిహ్నంలో కాకతీయ తోరణం, చార్మినార్ పెట్టారు. 2024లో ఆ రెండూ తీసేసే ఆలోచన వచ్చిందనగానే ఓరుగల్లులోనూ, పాతబస్తీలోనూ మనసులు నొచ్చుకున్నాయి. కొత్త చిహ్నం విడుదల ఆగిపోయింది. ఏది పెట్టినా ఒప్పుకుంటారేమో గానీ, ఉన్నది తీసేస్తే మనిషి ఓర్చుకోలేడు. అందుకే కుంభం తీయొద్దు, గీసే తీరు మార్చండి. ఎవరో జెండా కూడా కావాలంటున్నారట. 2018లో కర్ణాటక ప్రభుత్వం గండభేరుండం (రెండు తలల పక్షి) బొమ్మతో జెండా తయారు చేసి కేంద్రానికి పంపితే ఆమోదమే రాలేదు. మనకెందుకా టెన్షన్?

బరంపురం మాస్టారు:
గీసే తీరు మార్చమన్న మాట నాకు పట్టుకుంది. నిన్న మా అమ్మ ఇత్తడి చెంబు అటక మీంచి దింపాను. ఒక పక్క సొట్ట, మెడ దగ్గర పసుపు మరక ఎంత తోమినా పోదు. నీళ్లు పోసి, మామిడాకులు పెట్టి, కొబ్బరికాయ నిలబెట్టి చూశాను. అరవై ఏళ్లుగా మా గుమ్మంలో ఉగాదికి ఉన్నది ఇదే. దీనికి ధర్మచక్రం లేదు, సింహాలు లేవు.

పక్కింటి పెద్దాయన గుమ్మంలోనూ ఇదే ఉంటుంది. వాళ్లమ్మాయి పెళ్లికి తలుపుకి రెండు పక్కలా పూర్ణకుంభాలు పెట్టారు. ఒడియాలో పేరు కూడా అదే. మార్గశిరం గురువారాల్లో పెద్దాయన భార్య కొత్త వడ్లతో కొలత పాత్ర నింపి లక్ష్మిగా పూజిస్తుంది. దాన్ని వాళ్లు మాణ అంటారు. మన మానికే. ముందు రోజు సాయంత్రమే గడప దగ్గర బియ్యప్పిండితో వరి కంకులు, లక్ష్మి పాదాలు వేస్తుంది. ఝోటి అంటారు. ఆ తెల్లటి గీతలు ఎండుతున్నప్పుడు చూస్తే మన ముగ్గే గుర్తొస్తుంది.

నా ప్రతిపాదన: మా అమ్మ చెంబు, సొట్టతో సహా, చేత్తో గీయిద్దాం. చుట్టూ ఝోటిలోని వరి కంకులు.

రాయగడ కుర్రాడు:
కుంభం ఉంటోంది కాబట్టి నాకు సమ్మతమే. సంఘం పేరు మాత్రం పైన తెలుగులోనే ఉండాలి.

పర్లాకిమిడి అమ్మాయి:
పైన తెలుగు, కింద ఒడియా. అక్షరాల సైజు మాత్రం రెండింటికీ ఒకటే. నందిని కూడా ఓ మూల పెట్టమని నా కోరిక, కాదంటే బాధపడను.

బరంపురం మాస్టారు:
సైజు ఒకటే, ఒప్పుకున్నాను. నంది సంగతి ఆదివారం మీటింగులో అడుగుతాను. ఝోటి వేసిపెట్టమని పక్కింటి ఆవిడని అడిగితే, కాగితం మీద రాదు, మీ గడప మీదే వేస్తాను, ఫొటో తీసుకోండి అంది.