డెంగీ తగ్గింది, 200 బ్రెవె ఈ నెలాఖర్ల ఉంది – తొక్కాల్నా, ఇడిసిపెట్టాల్నా?

హన్మకొండ_టీచరమ్మ

అందరికి నమస్తే. జర పెద్దగనే రాస్తాన, ఓపిక చేసుకొని చదువుండ్రి.

నేను సర్కారు బడిల టీచర్ని. షుగర్ బార్డర్ల ఉంది, నడువుండ్రి లేకపోతే సైకిలన్న తొక్కుండ్రి అని డాక్టర్ అంటే మొదలుపెట్టిన, తర్వాత షుగర్ సంగతి మర్చిపోయిన గని సైకిల్ మాత్రం పట్టుకుంది. పోయినేడు నుంచి ఒక్కటే ఆశ, ఒక్క 200 బ్రెవె (పెట్టిన టైంల 200 కిలోమీటర్లు తొక్కే సైకిల్ రైడ్) టైంల పూర్తి చెయ్యాలె అని. ఈసారి రూటు గూడ మనదే పడ్డది, హన్మకొండ నుంచి ములుగు, పస్రా మీదికెళ్లి మేడారం, అదే తొవ్వన ఎనుకకు. జాతరకు బస్సుల నిలబడి ఎన్నిసార్లు పోయిననో ఆ రోడ్డు మీద, గట్టమ్మ కాడ సైకిల్ ఆపి కొబ్బరికాయ కొట్టి పోవాలె అని మనసుల గట్టిగ అనుకున్న. కొత్త టైర్లు ఏయించిన, ముందు లైటు ఎనుక లైటు కొన్న, రిఫ్లెక్టివ్ జాకెట్ అయితే ఇంక కవర్ల నుంచి తియ్యలే.

సద్దుల బతుకమ్మ నాడు జ్వరం. తంగేడు పువ్వు బకెట్ల తెచ్చి పెట్టుకున్న గని పేర్చేటందుకు లేవలేకపోయిన, మా బిడ్డనే పేర్చింది. కండ్ల ఎనుక నొప్పి, నడుము ఇరిగినట్టు. డెంగీ టెస్టు ఎన్ఎస్1 పాజిటివ్ అచ్చింది. ప్లేట్‌లెట్స్ 38 వేలకు పడ్డయి, దవాఖానల ఉంచిండ్రు, సెలైన్లు పెట్టిండ్రు, రక్తం ఎక్కించే దాకా పోలే. ఇప్పుడు లక్షా 60 వేలు ఉన్నయి, జ్వరం లేదు, ఆకలి మెల్లగ అస్తాంది.

గని ఒంట్ల బలం లేదు. బడిల పై అంతస్తు మెట్లెక్కి క్లాసుల అడుగుపెడితే బోర్డు మీద తేదీ రాసేముందు కుర్చీల కూసోవాల్సొస్తాంది, పిల్లలు నీళ్ల సీస తెచ్చిస్తాండ్రు. మొన్న పొద్దుగాల ఊకె చూద్దామని కాజీపేట దాకా తొక్కిన, ఎప్పుడు 130 మీద ఉండే హార్ట్ రేటు అదే స్పీడుకు 155 చూపెట్టింది. ఇంటికి అచ్చి పన్నెండింటి దాకా పండుకున్న.

మా ఆయన ఏం అంటలేడు, అనకపోవుడే పెద్ద మాట. మా అత్తమ్మ మాత్రం సైకిల్ తొక్కుతేనే జ్వరం అచ్చిందని వాడకట్టు అంతా చెప్పుకొచ్చింది. (దోమ సంగతి ఎవ్వలికి అక్కర లేదు.)

రెండు అడుగుతాన. ఒకటి, ఈ ఒంటితోని మెల్లగ తొక్కుతే 200 అయితదా, ఎవరన్న డెంగీ తర్వాత ఇట్ల తొక్కిండ్రా. రెండోది అడుగుడు సిగ్గుగుంది గని, పోకపోతే ఆ ఆదివారం ఎట్ల గడపాలె? వాట్సాప్ గ్రూపుల ఒకలు చైన్ కడిగిన ఫొటో, ఒకలు లైట్ల ఫొటో, చూస్తే కడుపు మండుతాంది, మ్యూట్ చేద్దామంటే చెయ్యి అస్తలేదు.

పరకాల_పెడల్

అక్కా పరేషాన్ కాకు. 200కు పదమూడున్నర గంటలు ఇస్తరు, అంటే ఆగుడు, తినుడు, పంక్చరు అన్నీ కలుపుకొని గంటకు 15 పడుతే సాలు. నువ్వు అంతకు ముందు 20, 22 తొక్కేదానివే గదా. రూటు గూడ ఏం కష్టం లేదు, ఆత్మకూరు దాటినంక జాకారం దాకా కొంచెం ఎక్కుడు దిగుడు, పస్రా తర్వాత అడివి నీడ. నా మాట ఇంటే స్టార్ట్ అయితే చెయ్యి, ములుగు దాకా పో, పానం బాగలేదనిపిస్తే అక్కడ్నే ఆపి బస్సు ఎక్కు. స్టార్టే చెయ్యకపోతే జీవితాంతం అదే మనసుల ఉంటది. నేను పోయినేడు జలుబు, దగ్గు ఉన్నా 300 తొక్కిన, ఏం కాలే.

కరీంనగర్_ల్యాబోడు

పై తమ్మి రాసింది చదివి ఊకోలేక రాస్తున్న. జలుబు, డెంగీ ఒక్కటి కావు తమ్మీ.

మేడం, నేను డాక్టర్‌ని కాను, డయాగ్నస్టిక్ ల్యాబ్‌ల టెక్నీషియన్‌ని, వానకాలం అచ్చిందంటే మాకు రోజంతా ఇవే శాంపిల్స్. మనోళ్లు అందరు ప్లేట్‌లెట్స్ ఒక్కటే పట్టుకుంటరు, లక్షన్నర దాటినయంటే అయిపోయింది అనుకుంటరు. ప్లేట్‌లెట్స్ పడుడు డెంగీల ఒక ముచ్చట మాత్రమే. రక్తనాళాల నుంచి ప్లాస్మా బయటికి కారుడు అసలు డేంజరు, అందుకే డాక్టర్లు పీసీవీ (రక్తంల ఎర్రకణాల పాలు) గూడ చూస్తరు, అది పెరుగుతుంటే రక్తం చిక్కవడుతున్నట్టు. అది గూడ జ్వరం దిగినంక, హమ్మయ్య తగ్గింది అని ఇంట్లోళ్లు అనుకునే ఒకట్రెండు రోజులల్లనే జరుగుతది. మీరు అది దాటిండ్రు, మంచిది. గని లివర్ ఎంజైములు, ఎస్‌జీవోటీ ఎస్‌జీపీటీ, చానా మందికి పెరిగి ఉంటయి, నార్మల్‌కు రావడానికి వారాలు పడుతది. మీ రిపోర్టుల అవి ఉన్నయేమో చూసుకోండి, లేకపోతే ఒకసారి చేయించండి, సీబీపీ (రక్తకణాల లెక్క) తోని కలిపి.

155 సంగతి. మంచంల పండుకున్నోళ్లకు మామూలు జ్వరమైనా సరే రక్తంల ప్లాస్మా తగ్గుతది, గుండె ఒక్కసారి కొట్టుకుంటే పోయే రక్తం తక్కువైతది, దాన్ని పూడ్చటానికి ఎక్కువసార్లు కొట్టుకుంటది. దాని మీద మీది డెంగీ. వైరస్ జ్వరాలల్ల కొందరికి గుండె కండరానికే వాపు వస్తది, డెంగీల గూడ చూసిండ్రు. అందరికి అయితదని కాదు, భయపెట్టడానికి రాస్తలేను. గని మెట్లు ఎక్కితే కూసోవాల్సొస్తుంది అంటున్నరు కాబట్టి, ఛాతి బరువు, గుండె దడ, కండ్లు తిరుగుడు ఏదన్న ఉందంటే ఈసీజీ తీయించుకొని డాక్టర్‌కు చూపెట్టంది సైకిల్ ముట్టుకోవద్దు. ఏం లేదన్నా గూడ ఈ నెలల 200 అనేది నాకైతే సమజైత లేదు.

ఇంకో ముచ్చట, లాంగ్ రైడ్ల మనోళ్లు మోకాలు నొస్తే జేబుల నుంచి ఐబుప్రోఫెనో డైక్లోఫెనాకో తీసి ఏసుకుంటరు. డెంగీల అవి వద్దంటరు, పారాసిటమాల్ ఒక్కటే, అది గూడ లెక్క ప్రకారం. మీరు తేరుకునే దాకా డాక్టర్‌ని అడగంది నొప్పి గోలీ ఏదీ ఏసుకోకండి. బొప్పాయాకు రసం ఎవరన్న తాగుమంటే, దాని మీద పరిశోధనలు అయితే జరిగినయి గని గట్టిగ తేలలేదు, తాగినా మందుల బదులు మాత్రం కాదు.

డెంగీ వైరస్ నాలుగు రకాలు. ఒక రకం అచ్చి పోతే ఆ రకం మళ్ల రాదు, వేరే రకం రావొచ్చు, రెండోసారి అచ్చేది ఎక్కువ తిప్పలు పెట్టే ఛాన్స్ ఉంటది. ఆ దోమ పొద్దుగాల, పొద్దుగూకే ముందు కుడుతది, సరిగ్గ మీరు సైకిల్ తీసే టైం. ఇంటెనక కూలర్ల నీళ్లుంటే ఇయ్యాల్నే పారబోయండి, మీ అత్తమ్మకు గూడ చూపెట్టండి.

పరకాల_పెడల్

సరే అన్నా, ఈసీజీ ముచ్చట నాకు తెల్వదు. అక్కా, అన్న చెప్పినట్టే చేయి. గని ఇంట్ల కూసొని ఏడువకు, అంతే నేను చెప్పేది.

కాజీపేట_పాతచక్రం

చెల్లే, నేను రైల్వేల చేసి రిటైరైన మనిషిని, నీ మొదటి ప్రశ్నకు ల్యాబ్ తమ్ముడు చెప్పింది సాలు. నీ రెండో ప్రశ్నకే నేను రాస్తున్న, దానికి సిగ్గెందుకు. ఏడాది పొద్దుగాల నాలుగింటికి లేచి, వంట చేసి, డబ్బాలు కట్టి, తర్వాత సైకిల్ తీసినవు. అది పోయిందంటే కడుపు మండకపోతే మనిషివే కావు. ఇంట్ల ఎవలన్న "గదేమన్న ఉద్యోగమా, ఈసారి కాకపోతే మళ్లసారి" అంటరు చూడు, వాళ్లకు జవాబు చెప్పుడు బంద్ చెయ్యి, దానితోనే సగం ఒత్తిడి తగ్గుతది.

మార్క్ కావెండిష్ తెలుసు గదా, టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ రేసుల స్ప్రింటర్. 2017ల ఆయనకు ఎప్స్టీన్-బార్ వైరస్ అని తేలింది, అది గూడ మనిషిని పిప్పి చేసేదే. తేరుకొని ఆ ఏడు టూర్‌కు పోయిండు, నాలుగో స్టేజ్‌ల పడి భుజం ఇరిగింది, 2018ల మళ్ల అదే వైరస్ బయటపడ్డది. ఇగ కావెండిష్ అయిపోయిండు అన్నరు. 2021ల నాలుగు స్టేజ్‌లు గెలిచి ఎనుకటి చాంపియన్ ఎడ్డీ మెర్క్స్ 34 స్టేజ్‌ల రికార్డు అందుకున్నడు, 2024ల 35వది గెలిచిండు. ఆ 35 గెలిచిన టూర్ల గూడ మొదటి రోజే ఎండకు కక్కుకుంట, ఎనుకబడి, టీం తోడు పెట్టుకొని టైం లిమిట్ల ఎట్లనో చేరిండు. ఆయనకు టీం డాక్టరు, జీతం, మసాజ్ చేసేటోళ్లు ఉన్నరు, నీకు బడి ఉంది, కారం డబ్బాలు ఉన్నయి, ఆయనతో పోల్చుతలేను. వైరస్ పోయిందనుకున్న మనిషికే అది మళ్ల ఎట్ల తగులుకుందో చూడుమని చెప్తున్న.

డీఎన్ఎస్ అని పడుతది లిస్టుల, స్టార్ట్ చెయ్యలే అని. పడనియ్యి. నా పేరు ముందట గూడ పడ్డయి, ఒకటి మా తమ్ముని బిడ్డ పెండ్లికి, ఒకటి మలేరియాకు. పరకాల తమ్మి "ములుగు దాకా పోయి దిగు" అన్నడు గని నిజం చెప్తున్న, 50 కిలోమీటర్లు తొక్కినంక ఎవ్వలు దిగరు, పక్కోళ్లు పోతాంటే కాళ్లే ఆగవు. గా మోకా ఇయ్యకు నీకు నువ్వు.

ఆ ఆదివారం ఇంట్ల మాత్రం ఉండకు. పనుంటే పనికి పో, లేకపోతే మా దగ్గరికి రా, వాలంటీర్లు తక్కువున్నరు.

హన్మకొండ_టీచరమ్మ

అందరికి చానా థాంక్స్. ల్యాబ్ అన్నా, రిపోర్టు తీసి చూసిన, ఎస్‌జీపీటీ 140 ఉంది, ఎవ్వలు చెప్పలే నాకు. శనివారం ఫిజీషియన్ దగ్గరికి పోతాన, ఈసీజీ గూడ అడుగుత. డీఎన్ఎస్ మెయిల్ పెట్టిన రాత్రి. పెట్టినంక ఏడ్చిన, తర్వాత మంచిగ నిద్ర పట్టింది, అదేందో.

ఇంకొకటి, ఈ ఏడు పోయినట్టేనా నాది? మళ్ల వానకాలం దాకా ఆగాల్నా?

బ్రెవె_వాలంటీర్_ఓరుగల్లు

మేడం మీ మెయిల్ అందింది, ఫీజు వాపస్ రాదు, రూల్స్‌ల అట్లనే ఉంది, ఏమనుకోవద్దు.

ఏడు పోలేదు. మన బ్రెవె సీజన్ నవంబర్ 1న మొదలై మల్లొచ్చే అక్టోబర్ 31 దాకా లెక్క. ఈ నెలాఖరు రైడ్ పాత సీజన్ల ఆఖరుది, మీరు ఇది తొక్కినా కొత్త సీజన్ లెక్కల పడేది కాదు. సూపర్ రాండనూర్ అనే బిరుదు కావాలంటే ఒకే సీజన్ల 200, 300, 400, 600 నాలుగు పూర్తి చెయ్యాలె, మీరు జనవరిల 200తోని మొదలుపెట్టినా తొమ్మిది నెలలకు మీద టైం ఉంటది. చలికాలం పొద్దున మన దగ్గర తొక్కడానికి మంచిగుంటది, మంచు ఒక్కటే జర చూసుకోవాలె, ఆ జాకెట్ అప్పుడు పనికొస్తది.

మళ్ల మొదలుపెట్టేది డాక్టర్ సరే అన్నంకనే. మొదట చదును రోడ్డు మీద 20 నిమిషాలు, మాట్లాడుకుంట తొక్కగలిగేంత స్పీడు, అంతకు మించి వద్దు. తెల్లారి లేచినప్పుడు మంచంలనే నాడి చూసుకోండి, మామూలు కంటే ఎక్కువుంటే ఆ రోజు బంద్. దూరం పెంచుడు తర్వాతి ముచ్చట.

ఇగ ఆదివారం గురించి. ములుగు కంట్రోల్ (రైడర్లు ఆగి కార్డు చూపెట్టే చోటు) కాడ స్టాంపు కొట్టేటోళ్లు ఒకలు తక్కువున్నరు. నీడకు టెంట్ ఉంటది, కుర్చీ ఉంటది, నిలబడే పని లేదు. స్టార్ట్ పొద్దుగాల 6కు, ములుగు దాదాపు 50 కిలోమీటర్లు కాబట్టి కంట్రోల్ ఏడున్నరకు తెరుస్తం, తొమ్మిదిన్నరకు మూస్తం. కార్డు మీద టైం రాసుడు, స్టాంపు, సంతకం, గంతే. తొమ్మిది దాటినంక అచ్చేటోళ్లు కొంచెం ఆగమాగం ఉంటరు, కార్డు తడిసి ఉంటది, పెన్ను పడదు, అందుకే రెండు బాల్ పెన్నులు తెచ్చుకోండి. కారు హన్మకొండ బస్టాండు కాడికి ఐదున్నరకు అస్తది. మీ ఆయన గూడ అస్తానంటే అరటిపండ్లు పంచే పని ఉంది.

హన్మకొండ_టీచరమ్మ

అస్త అన్నా. మా ఆయన్ని అడిగిన, అరటిపండ్లు నేను పంచుత, స్టాంపు నువ్వు కొట్టు అన్నడు. ఓడోమస్ తెస్తాన అందరికి సరిపోయేన్ని.