బీఎస్సీ ఎంపీసీఎస్ తర్వాత ఎమ్మెస్సీ మ్యాథ్సా, ఎంసీఏనా?

ఖమ్మం_కుర్రోడు: ఎంపీసీఎస్ (మ్యాథ్స్, ఫిజిక్స్, కంప్యూటర్ సైన్స్) ఫైనలియర్ చదువుతున్నా. లెక్కలంటే ప్రాణం. నాన్నేమో ఐసెట్ రాసి ఎంసీఏలో చేరమంటున్నారు. నాకు ఐఐటీల్లో ఎమ్మెస్సీకి పెట్టే జామ్ రాయాలని ఉంది. ఇంటర్ దాకా తెలుగు మీడియం, ఇంగ్లిష్‌తో ఇబ్బంది అవుతుందా? హాస్టల్‌కి నెలకి ఎంతవుతుంది?

లక్ష్మి_ఎంసీఏ: తమ్ముడూ, నాన్నగారి మాట విను. నేను 2021లో చేరా. అప్పటికే ఎంసీఏని రెండేళ్లకి కుదించారు. డేటా స్ట్రక్చర్స్ ఒంటబట్టేలోపే ప్లేస్‌మెంట్లు వచ్చిపడ్డాయి. 'బీటెక్ మాత్రమే' అన్న డ్రైవ్‌లకి హాల్ బయటే నిలబడ్డా. అయినా ఉద్యోగం వచ్చింది, ఇంటి అప్పు తీరుస్తున్నా. ఐసెట్‌తో ఆగకు, నిట్‌ల ఎంసీఏ ప్రవేశ పరీక్ష నిమ్‌సెట్ కూడా రాయి. 120 ప్రశ్నల్లో 50 లెక్కలే. వరంగల్ నిట్‌కి అదే దారి.

ఎప్సిలాన్99: జామ్ మూడుసార్లు రాశా. ఒకటికి మించి సరైన జవాబులుండే ప్రశ్నలు పది, 20 మార్కులు. మూడు సరైనవి ఉంటే రెండే గుర్తించినా సున్నా. నన్ను ముంచినవి అవే.

లెక్కల_మాస్టారు: 22 ఏళ్లుగా డిగ్రీ పిల్లలకి చెబుతున్నా. వాటికి నెగెటివ్ లేదు కదా, అంత భయమెందుకు? కాన్సెప్ట్ ఉంటే చాలు.

ఎప్సిలాన్99: ఆ కాన్సెప్ట్ చెప్పిందెవరు సార్? కన్వర్జెంట్ సీక్వెన్స్ (ఒకే సంఖ్యకి చేరువయ్యే వరుస) బౌండెడ్ (హద్దులు దాటదు) అని మూడేళ్లు బట్టీ పట్టించారు. బౌండెడ్ అయితే కన్వర్జ్ అవుతుందా అని ఒక్కరూ అడగలేదు. 1, -1, 1, -1 అని పాత హాల్‌టికెట్ వెనక నాకు నేనే రాసుకుని తెలుసుకున్నా, అదీ డిగ్రీ అయిపోయాక!

లెక్కల_మాస్టారు: సెక్షన్‌కి 90 మంది. సెమిస్టర్ సగం పండగలకీ ప్రాక్టికల్స్‌కీ పోతుంది. 'ఇంపార్టెంట్స్ చెప్పండి సార్' అని వెంటపడేది మీరే. నింద మాత్రం మాకా?

ఎప్సిలాన్99: అడిగే వయసు మాది, సార్. కాదనాల్సిన వయసు మీది.

వాల్తేరు_వాణి: ఇద్దరూ ఆపండి. స్టాటిస్టిక్స్ దిగ్గజం సి.ఆర్. రావుగారు ఇక్కడ ఆంధ్రా యూనివర్సిటీలోనే ఎంఏ మ్యాథ్స్ చేసి కలకత్తా ఐఎస్‌ఐకి (ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్) వెళ్లారు. ఆ ఐఎస్‌ఐలో మ్యాథ్స్ పీజీ అయిన ఎంమ్యాథ్‌కి ఇప్పటికీ ట్యూషన్ ఫీజు లేదు, పైగా స్టైపెండ్. ప్రవేశ పరీక్షలో నిరూపణలు రాయాలి కాబట్టి మనవాళ్లు అటే చూడరు. చెన్నై దగ్గర సీఎంఐలో (చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్) మ్యాథ్స్, కంప్యూటర్ సైన్స్, డేటా సైన్స్ మూడింటికీ ఎమ్మెస్సీ ఉంది.

జేఎల్_ఆశావహుడు: ఎమ్మెస్సీ చేసి జేఎల్ (జూనియర్ లెక్చరర్) నోటిఫికేషన్ కోసం నాలుగేళ్లుగా ఎదురుచూస్తున్నా. ట్యూషన్లతో నెట్టుకొస్తున్నా. మా అమ్మ అడగడం కూడా మానేసింది. తమ్ముడూ, టీచింగ్ ఒక్కటే నమ్ముకోకు, కోడింగ్ నేర్చుకుంటూ చెయ్యి.

గేట్_రవి: ఎంటెక్ ప్రవేశాలకి రాసే గేట్‌లో డేటా సైన్స్, ఏఐ పేపర్ 2024 నుంచి ఉంది. బీఎస్సీ మూడో ఏడాదిలోనే రాయొచ్చు. లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ గట్టిగా ఉన్నవాళ్లకి మంచి పేపర్.

లక్ష్మి_ఎంసీఏ: జేఎల్ అన్నా, పైథాన్ మొదలుపెడతానంటే నా నోట్స్ పంపుతా. లెక్కలొచ్చిన మీకు మూడు నెలలు చాలు.

జేఎల్_ఆశావహుడు: పంపండి మేడమ్. ఈ రాత్రే మొదలుపెడతా.

ఖమ్మం_కుర్రోడు: నాన్నకి అన్నీ చదివి వినిపించా. జామ్, నిమ్‌సెట్ రెండూ రాయమన్నారు. మాస్టారూ, ఆ బౌండెడ్ లెక్కలాంటివి ఇంకొన్ని ఇస్తారా?

లెక్కల_మాస్టారు: రాయి బాబూ. కంటిన్యువస్ ఫంక్షన్ అన్నిచోట్లా డిఫరెన్షియబుల్ అవుతుందా? రేపు సాయంత్రంలోగా కారణంతో జవాబు పెట్టు.