శనగపప్పు ఉండల పులుసు: ఉండలు విచ్చిపోకుండ ఎట్ల చెయ్యాలె?

హన్మకొండ వంటిల్లు:
నలుగురికి సరిపోయేటట్టు తక్కువ ఖర్చుల ఉండల పులుసు చెయ్యాలె. కూరగాయలు వద్దు, కిరాణంల దొరికే సామాన్లే. పులుసుల వేసినంక కొన్ని ఉండలు విచ్చిపోతున్నయ్, విచ్చనివి నడుమ పచ్చి వాసన కొడుతున్నయ్. పప్పు ఎంత, నీళ్లెంత? ఇంట్ల ఇడ్లీ పాత్ర లేదు.

కాజీపేట అక్క:
రెండింటికీ కారణం ఒక్కటే, పచ్చి ఉండను చింతపులుసుల వేస్తున్నరు. పులుపు తగిలితే పప్పు తొందరగ ఉడకదు. ఉడికేలోపు మసిలే పులుసు పైపొరను కోసేస్తది. ముందు ఆవిరి మీద ఉడకాలె, తర్వాతనే పులుసు.

శనగపప్పు 200 గ్రాములు, 2 గంటలు నానితే చాలు. రాత్రంతా నానబెడితే ముద్ద జారుడైతది. జల్లెడల పోసి 10 నిమిషాలు నీళ్లు ఒడవనియ్యాలె, ఈ పని మాత్రం వదలొద్దు. 4 ఎండుమిరపకాయలు, అర చెంచా జీలకర్ర, 4 ఎల్లిపాయ రెబ్బలు, ముప్పావు చెంచా ఉప్పు ముందు తిప్పి, తర్వాత పప్పు వేసి చుక్క నీళ్లు పోయకుండ ఆపి ఆపి బరకగ పట్టాలె. మరీ మెత్తగైతే ఉండ గట్టిపడ్తది, లోపలికి పులుసు ఇంకదు. చెంచా బియ్యప్పిండి, కొత్తిమీర, సన్నగ తరిగిన ఉల్లిగడ్డ కలిపి వెంటనే ఉండలు చుట్టాలె. ఆలస్యమైతే ఉప్పుకు ఉల్లిగడ్డ నీరు ఊరుతది. చిన్న నిమ్మకాయంత చేస్తే 18 దాక వస్తయ్.

ఇడ్లీ పాత్ర లేకపోతే కుడుములకు చేసినట్టే. వెడల్పు గిన్నెల సగం నీళ్లు పోసి, నోటికి తడిబట్ట బిగించి, నీళ్లు మసిలినంక ఉండలు పెట్టి మూత వెయ్యాలె. బట్ట కొసలు మంటకు తగలకుండ మూత మీదికి మడవాలె. 12 నిమిషాలకు ఒకటి విరిచి చూడున్రి.

జనగామ రుచులు:
అక్క చెప్పింది నిజం. పులుసు సంగతి నేను చెప్త. చింతపండు 35 గ్రాములు, అన్నీ కలిపి పులుసు లీటరుంబావు. పప్పుచారు కన్నా పల్చగుండాలె, ఎందుకంటే ఉండలు తాగుతనే ఉంటయ్. 2 చెంచాల నూనెల ఆవాలు, పావు చెంచా మెంతులు, కల్యమాకు, ఉల్లిగడ్డ. మెంతులు నల్లబడితే పులుసంతా చేదే. పసుపు, చెంచన్నర కారం, ఉప్పు వేసి 10 నిమిషాలు మసలనిచ్చి, మంట తగ్గించి ఉండలు వెయ్యాలె. 6, 7 నిమిషాలు చాలు. గంటె పెట్టొద్దు, గిన్నె చెవులు పట్టి కదపాలె. చిక్కదనానికి శనగపిండి ఎందుకు? ఒక ఉండను చిదిమి కలపున్రి. అరగంటకు మరీ గట్టిపడితే ఉడుకునీళ్లే పొయ్యాలె.

హన్మకొండ వంటిల్లు:
మంచిదక్కా, మంచిదన్నా. శనగపప్పు బదులు జొన్నపిండితోని అయితదా?

ములుగు జొన్నరొట్టె:
అయితది, ఇంకా అగ్గువ. కానీ జొన్నపిండికి సాగే గుణం లేదు, చన్నీళ్లతో కలిపితే చారుల కరిగిపోతది. 150 గ్రాముల పిండిల ఉప్పు, చెంచా నువ్వులు వేసి, దాదాపు అంతే కొలత మసిలే నీళ్లు పోసి మూత పెట్టి, 5 నిమిషాలకు రొట్టె పిండి లెక్కనే తొక్కాలె. గోళికాయంత ఉండలు చేసి నడుమ వేలుతో నొక్కితే లోపల దాక ఉడుకుతయ్. వీటికి ఆవిరి అక్కర్లేదు, పిండి ముందే ఉడుకునీళ్లు తాగింది. పల్చటి పెసరపప్పు చారు మసిలేటప్పుడు కొన్ని కొన్నిగ వేసి 12 నిమిషాలు ఉంచాలె. పులుపు చివరికి. పాత పిండైతే తొక్కేటప్పుడే పగుళ్లు పడ్తది, దాన్ని అంబలికి వాడుకోన్రి.